ఖాళీ బీరువాకు కొబ్బరికాయ

మా వైపు ఒకసారి శాలువా కప్పించుకున్న మనిషి, ఆ కప్పినవాళ్ళకు ఇక కాదని చెప్పలేడు. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు. భోజనం పెట్టినవాణ్ణి మర్నాడు తిట్టుకోవచ్చు, ఓటేస్తానన్నవాడికి వెయ్యకుండా తప్పించుకోవచ్చు. నలుగురి ముందు, మైకు పక్కన, భుజాల మీద శాలువా పడిందంటే మాత్రం మొహమాటం మెడకు చుట్టుకుంటుంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఆ క్లౌడ్ కంపెనీవాళ్ళకు ఈ రహస్యం ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. కంప్యూటర్ల గురించి వాళ్ళకు ఎంత తెలుసో చెప్పలేను గానీ, గోదావరి మనుషుల గురించి బాగా చదువుకునే వచ్చారు.

నేను ఏలూరులో మేడ మీద గదిలో కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాను. నాకు అన్నం పెట్టేదీ క్లౌడే. అంచేత దానిమీద నాకు పగేమీ లేదు. అదంటే ఇంకొకరి కంప్యూటరు, మనం అద్దెకు తీసుకున్నది, అంతే. అద్దె ఇల్లు మంచిదా చెడ్డదా అని అడిగితే ఏం చెబుతాం? అవసరాన్ని బట్టి ఉంటుంది. అద్దె ఇంటిని వైకుంఠమని చెప్పి అంటగట్టేవాళ్ళను చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. మబ్బు మీద వెయ్యగలిగిన జోకులన్నీ మా చుట్టాలు ఇప్పటికే వేసేశారు కాబట్టి నేను వాటి జోలికి వెళ్ళను.

మా మావయ్య, అంటే అమ్మకు అన్నయ్య, కొల్లేరు అంచున ఒక చిన్న చేపల రైతుల సంఘానికి ప్రెసిడెంటు. గుండుగొలనులో హైవే దిగి లోపలికి వెళితే వాళ్ళ ఆఫీసు వస్తుంది. రెండు గదుల డాబా, ముందు రేకుల వసారా. అందులో మేత బస్తాల పక్కన ఒక పాత కంప్యూటరు ఉండేది. దానికి ప్రోగ్రాము రాసింది నేనే. చెరువుల్లో బ్యాటరీ మీద నడిచే మీటర్లు, నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో రేడియోలో దానికి చెబుతూ ఉంటాయి. ఎక్కడైనా తగ్గిందంటే అది డాబా మీద బిగించిన లారీ హారను మోగిస్తుంది. ఆ కూతకు చుట్టుపక్కల గేదెలు బెదిరేవి, చంటిపిల్లలు లేచేవాళ్ళు. కానీ మనుషులు గట్టు మీదికి పరిగెత్తి, డీజిలు ఇంజను వేసి, గాలి కలిసేలా నీళ్ళు చిమ్మించేవాళ్ళు. ఆక్సిజన్ తగ్గితే చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది. అప్పుడు చూసుకోకపోతే కాసేపటికే చెరువంతా తెల్లటి పొట్టలు తేలతాయి.

ప్రతి దసరాకూ ఆ కంప్యూటరుకు పసుపు రాసి బొట్లు పెట్టేవాళ్ళు. కీబోర్డులోకి కుంకం దిగి కొన్ని మీటలు కదిలేవి కావు. అయినా పని మానలేదు.

ఆ చెరువుల్లో ఒకటి మా పిన్నిది. పిన్ని మావయ్యకు స్వయానా చెల్లెలు. బాబాయి పోయాక చెరువు కౌలుకిచ్చెయ్యమని అందరూ చెప్పినా వినకుండా తనే చేయించుకుంటోంది. ఆ ఏడు శీలావతి, బొచ్చె చేపలు చేతికి నిండుగా ఎదిగాయి. వానలు కాస్త తెరిపి ఇస్తే పట్టుబడి, వల వేసి చేపనంతా అమ్ముకోవడమే. ఆ చెరువు తప్ప ఆవిడకు ఇంకో ఆధారం లేదు.

ఇలాంటి రోజుల్లో కంపెనీవాళ్ళు తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణమండపం తీసుకుని సదస్సు పెట్టారు. గుమ్మంలో పన్నీరు చల్లారు. ముందురోజు పెళ్ళి తాలూకు అలంకారం ఇంకా తియ్యలేదేమో, వేదిక మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే సింహాసనాలు అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో కంపెనీ మేనేజరు, రెండోదాంట్లో మా మావయ్య. వెనక ఫ్లెక్సీలో మావయ్య కొల్లేరు నీళ్ళ మీద నిలబడి ఫోను చూసుకుంటున్నట్టు ఫోటో అతికించారు. పాదాలు కూడా తడవలేదు.

కోటు వేసుకున్న ఒక కుర్ర ఉద్యోగి మైకు అందుకున్నాడు.

"ఇకమీదట మీ దగ్గర కంప్యూటరు ఉండదండి. పాడవడం ఉండదు, ఆగడం ఉండదు, కనిపెట్టుకుని ఉండడం ఉండదు. ఈ రోజు నుంచి మీరు చేపల రైతులు కారు. డేటా రైతులు!"

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. "అయితే మేత ఎవరికెయ్యాలండి?"

చాలా మంచి ప్రశ్న అన్నాడు కోటాయన. ఆ మాటతోనే పక్క వరసకు తిరిగాడు. నేనూ లేచాను.

"చెరువు నుంచి కబురు మీ దాకా రాలేదనుకోండి. ఆఫీసులో నెట్టు పోయిందనుకోండి. అప్పుడు ఫోన్లో యాప్ ఏం చూపిస్తుందండి?"

"చాలా మంచి ప్రశ్న మేడమ్. మా ప్లాట్‌ఫామ్ ఎప్పటికీ ఆగదు."

"మీది ఆగదు లెండి. మాది ఆగితేనో?"

"మేడమ్, మీరు పాత ఆలోచనల్లోంచి బయటికి రావాలి. భోజనాల దగ్గర మాట్లాడుకుందాం."

భోజనాల దగ్గర పనసపొట్టు కూర, పూతరేకులు కనిపించాయి గానీ ఆయన కనిపించలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. పూతరేకులు పెట్టి మరీ లోకువ చెయ్యడం నేను అక్కడే చూశాను. భోజనాలయ్యాక మావయ్యకు 'క్లౌడ్ మత్స్యరత్న' అని బిరుదిచ్చి, జరీ అంచు శాలువా కప్పారు. మావయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. నాకు అప్పుడే అర్థమైంది, పని అయిపోయిందని.

తిరుగు ప్రయాణంలో కారులో చెప్పి చూశాను. మన కంప్యూటరు బాగానే ఉంది కదా, నెట్టుతో పని లేకుండా నడుస్తోంది కదా, హారను కొల్లేరు దాకా వినిపిస్తోంది కదా అని.

"ఎలా కాదంటానే అమ్మాయ్? అంతమందిలో కప్పారు" అన్నాడు మావయ్య, శాలువా మడత నలగకుండా ఒళ్ళో పెట్టుకుని.

పాత కంప్యూటరును మేత గోడౌనుకు పంపించారు. నాగరికంగా లేదని లారీ హారను దించేశారు. మీటర్ల కబుర్లు ఇప్పుడు మోడెమ్ అనే చిన్న తెల్ల డబ్బాలోంచి నెట్టు మీద ముంబయి వెళ్ళి, అక్కణ్ణుంచి అందరి ఫోన్లకూ వస్తాయి. బాగుంటే పచ్చ, ప్రమాదమైతే ఎరుపు. అంతా సిద్ధమైంది, ప్రారంభోత్సవానికి పంతులుగారు వచ్చారు. అక్కడ వచ్చింది చిక్కు.

"యంత్రం ఏదండీ?" అన్నారు పంతులుగారు, బొట్టు పెట్టడానికి వేలు కుంకంలో ముంచి.

"యంత్రం ఇక్కడ ఉండదండి. ముంబయిలో ఉంటుంది" అన్నాడు కోటాయన.

"ముంబయి మనకి ఏ దిక్కండీ?"

కాసేపు తర్జనభర్జన జరిగింది. పడమర అని ఒకరు, కాదు కొంచెం వాయవ్యం అని ఇంకొకరు. గోడకేసి కొబ్బరికాయ కొడదామని ఎవరో అన్నారు గానీ, ఆ గోడ అవతల ఉన్నది మరుగుదొడ్డి. మోడెమ్‌కు పెడదామంటే అది మరీ సబ్బుపెట్టెంత ఉంది, దానికి బొట్టేమిటి, అవమానం అన్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నేను పైకే అన్నాను. పంతులుగారు నవ్వారు. మావయ్య నవ్వలేదు. సంఘం సభ్యులు మాత్రం మర్యాదగానే చెప్పేశారు, బొట్టు పెట్టని యంత్రాన్ని నమ్మి చేపల్ని ఒదల్లేమండీ అని. ప్రారంభోత్సవం వాయిదా పడింది.

వారం తిరక్కుండా లారీలో ఒక నల్లటి బీరువా దిగింది. నిలువెత్తు, ముందు అద్దం తలుపు, లోపల నీలం దీపాలు పైకీ కిందికీ పరిగెడుతున్నాయి. చూడడానికి ఎంత బాగుందంటే నాకే ఒక్క క్షణం దణ్ణం పెట్టాలనిపించింది. ఈసారి బొట్లు పెట్టారు, దండ వేశారు, గుమ్మడికాయ దిష్టి తీశారు. కొబ్బరికాయ సమంగా రెండు చెక్కలైంది. పూజ అయి అందరూ పులిహోర తింటుంటే నేను వెనక పలక మరలు విప్పి చూశాను. లోపల నీలం దీపాల పట్టీ, ఒక చిన్న ఫ్యాను. ఇంకేమీ లేదు. వైరు ఒక్కటే, అదీ కరెంటు ప్లగ్గుకు.

"ఇది ఖాళీ బీరువా కదండీ" అన్నాను కోటాయనతో, పక్కకు పిలిచి.

"కస్టమర్ సంతృప్తి కోసం మేడమ్" అన్నాడు. సిగ్గు పడతాడేమోనని చూస్తే, అదేం లేదు. పైగా, ఇలాంటివి వేరే ఊళ్ళకు కూడా పంపుతున్నామని గర్వంగా చెప్పాడు.

మావయ్యను తీసుకొచ్చి వెనక నుంచి చూపించాను. ఆయన వంగి, లోపలికి చాలాసేపు చూసి, నడుం నిలబెట్టుకుని అన్నాడు, "నీకు అన్నిటికీ వంకే. గుళ్ళో విగ్రహం లోపల మాత్రం ఏముంటుందే?" నేను పలక మళ్ళీ బిగించేశాను.

అప్పట్నుంచి ఆ గదికి ఏసీ పెట్టించారు. చెప్పులు బయట విప్పాలి. మేత బస్తాలు వసారాలోకి వెళ్ళిపోయాయి. చెరువుల మీద నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళి, నీలం దీపాలను కాసేపు చూసి, చల్లబడి వచ్చేవాళ్ళు. ఒకరోజు కరెంటు పోయి బీరువా ఆరిపోయింది. సభ్యులు అపశకునంగా తీసుకున్నారు. ఆఫీసులో ఉన్న ఒక్క ఇన్వర్టరు వైరూ అంతవరకూ మోడెమ్‌కు ఉండేది. దాన్ని తీసి బీరువాకు ఇచ్చారు. మోడెమ్‌ను మామూలు కరెంటు మీదికి మార్చారు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని కూడా వాళ్ళకు తోచలేదు.

పిన్ని చెరువు గట్టు మీద కాపలా ఉండే మనిషికి జ్వరమొచ్చి చింతలపూడి వైపు వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. ఫోను చెబుతుంది కదా అని పిన్ని ఇంకొకర్ని పెట్టలేదు. ఆ పైన ముసురు పట్టింది. ఎండ మొహం లేదు, గాలి లేదు. చెరువులకు అంతకంటే చెడ్డ రోజులుండవు. ఎండ లేకపోతే పట్టపగలు కూడా నీళ్ళలో ఆక్సిజన్ పుట్టదు.

ఆ రోజు పొద్దున్న నేను ఏలూరులో పని చేసుకుంటూ యాప్ తెరిచాను. పిన్ని చెరువు పచ్చగా ఉంది. టిఫిను తిని మళ్ళీ చూశాను. అదే అంకె. పది దాటాక చూశాను. అదే. నీళ్ళలో ఆక్సిజన్ నిలకడగా ఉండే వస్తువు కాదు, గడియకోసారి మారుతుంది. కబురు రాకపోతే యాప్ ఏం చూపిస్తుందన్న నా ప్రశ్నకు జవాబు చేతిలోనే ఉంది. ఆఖరిసారి వచ్చిన అంకెనే చూపిస్తూ ఉంటుంది, అదీ పచ్చగా.

పిన్నికి ఫోను చేశాను. "నా దాంట్లో పచ్చగానే ఉందే అమ్మాయ్. దారంతా బురద, మోకాళ్ళ దాకా దిగిపోతున్నాం. అన్నయ్యని కనుక్కో, ఆఫీసులోనే ఉన్నాడు" అంది. మావయ్యకు చేస్తే ఎత్తలేదు. గొడుగు తీసుకుని గుండుగొలను బస్సెక్కాను.

ఆఫీసు చీకటిగా ఉంది. కరెంటు తెల్లవారుజామునే పోయిందట. బీరువా మాత్రం దివ్యంగా వెలుగుతోంది. దాని ముందు చాప వేసుకుని మావయ్య, ఇద్దరు సభ్యులు కూర్చున్నారు. నీలం వెలుగులో ముగ్గురి మొహాలూ కృష్ణుడి వేషాల్లా ఉన్నాయి.

"చూశావా, ఒక్క క్షణం ఆరలేదు" అన్నాడు మావయ్య.

మూల మోడెమ్ చచ్చిపడి ఉంది. విషయం చెప్పాను. పిన్ని చెరువు దగ్గరికి ఎవరైనా వెంటనే వెళ్ళండి అన్నాను.

"పచ్చగా ఉంటే ఆ బురదలో ఎందుకండీ?" అన్నాడొక సభ్యుడు, ఫోను నాకు చూపించి.

ఎరుపు చూపిస్తే గానీ కదలరని అర్థమైంది. ఇన్వర్టరు వైరు బీరువాలోంచి పీకబోయాను. ముగ్గురూ ఒక్కసారి లేచారు.

"ఆగాగు! వెలిగేదాన్ని ఆర్పుతావేంటే?" మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "బొట్టు పెట్టింది కదా!"

"మావయ్యా, అది ఖాళీ బీరువా!"

"ఖాళీ అయితే ఏం? దీపం దీపమే."

రెండో సభ్యుడు పంతులుగారికి ఫోను కలిపాడు. పంతులుగారు ఏదో పెళ్ళిలో ఉన్నారు, సన్నాయి మధ్యలోంచి అరిచి చెప్పారు, పక్కన వేరే దీపం వెలిగించి, అప్పుడు దీన్ని కొండెక్కించండి, దోషం లేదని. ప్రమిద దొరికింది. నూనె మేతలో కలిపేది దొరికింది, చేప నూనె. పంతులుగారికి మళ్ళీ ఫోను, చేప నూనె పనికొస్తుందా అని. అటువైపు నుంచి సన్నాయి తప్ప జవాబు లేదు. అగ్గిపెట్టె చెమ్మ పట్టి పుల్లలు గీస్తే మందు ఊడి వస్తోంది. నేను ఏడుపు గొంతుతో అరుస్తున్నాను. వాళ్ళు నన్ను ఎంతో ప్రేమగా, "కంగారు పడకండమ్మా, అయిపోయింది, ఇదిగో అయిపోయింది" అంటున్నారు. చివరికి నేనే అగ్గిపుల్ల లాక్కుని వెలిగించాను. ఆ చేప నూనె దీపానికి దణ్ణం పెట్టి, మావయ్య తన చేత్తోనే బీరువా ప్లగ్గు తీసి మోడెమ్‌కు పెట్టాడు.

కొద్దిసేపటికి అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. మిగతా చెరువుల్లో కాపలా మనుషులు అప్పటికే ఇంజన్లు వేసుకున్నారు, ఆ అంకెలు పరవాలేదు. పిన్ని చెరువు ఎర్రగా ఉంది. అంకె చూసి మావయ్య చెప్పుల కోసం కూడా ఆగలేదు.

మేం వెళ్ళేసరికి గట్టు నుంచి గట్టు దాకా తెల్లగా ఉంది. వాన చినుకులు నీళ్ళ మీద కాదు, చేపల పొట్టల మీద పడుతున్నాయి.

మర్నాడు పొద్దున్న ముసురు తెరిపి ఇచ్చింది. చచ్చిన చేపను వెంటనే ఎత్తి పారెయ్యకపోతే నీళ్ళు కుళ్ళుతాయి. మావయ్య పంచె ఎగ్గట్టి నడుం లోతు నీళ్ళలో దిగాడు, కూలీలతో పాటు వల లాగుతూ. ఎవరు వద్దన్నా వినలేదు. పిన్ని గట్టు మీద నిలబడి, ఏ మూల మిగిలాయో చూసి చెబుతోంది, మామూలు గొంతుతో. మధ్యాహ్నానికి కూలీలకు భోజనం ఏం వండాలో కూడా చెప్పింది. అంతసేపూ ఆవిడ కంట నీరు లేదు. నేను కంపెనీకి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "మా వైపు ఒక్క సెకను కూడా ఆగలేదు మేడమ్" అన్నారు. నిజమే, ఆగలేదు.

అప్పుడు మావయ్య ఫోను మోగింది. అది నా చేతిలో ఉంది, స్పీకరు వేసి గట్టు అంచు దాకా చాపాను. ఎవరో ఆడపిల్ల.

"నమస్తే అండీ, క్లౌడ్ సేవల నుంచి మాట్లాడుతున్నానండి. మా సేవ మీకు ఎలా ఉందో సున్నా నుంచి పది వరకూ మార్కులు వేస్తారా అండీ?"

సున్నా అని అరవబోయాను. మావయ్య చెయ్యెత్తి ఆపాడు. ఆ గొంతులో యాస ఆయన చెవిని పట్టింది.

"ఎక్కడమ్మా మీది?"

"ఉద్యోగం హైదరాబాదండి. మాది తాడేపల్లిగూడెం పక్కన పెంటపాడండి."

మావయ్య పిన్ని వైపు చూశాడు. పిన్ని చెంగుతో చేతులు తుడుచుకుంది.

"తక్కువేస్తే ఆ పిల్లనేగా అంటారు? పదెయ్యి అన్నయ్యా" అంది.

"పది వేసుకో అమ్మా" అన్నాడు మావయ్య.

"చాలా థాంక్సండి!" ఆ పిల్ల గొంతు విప్పారింది. "అక్కడేదో నీళ్ళ చప్పుడూ, మనుషుల సందడీ వినిపిస్తోందండి?"

"చేపలెత్తుతున్నామమ్మా."

"పట్టుబడా అండీ! చెరువు బాగా పండిందన్నమాట. శుభాకాంక్షలండి, ఇంట్లో అందరికీ చెప్పండి."

"ఆయ్, చెబుతానమ్మా" అన్నాడు మావయ్య.

పిన్ని గట్టు మీద బురదలోనే కూలబడి, అప్పుడు ఏడ్చింది.